మూలపడ్డ పలకకు మళ్లీ అక్షరాభ్యాసం

మా వంటింట్లో బియ్యం డబ్బా మీద ఒక పలక ఉండేది. రాతిపలక కాదు, కంప్యూటర్ పలక. ట్యాబ్లెట్ అంటారే, అది. పదేళ్ల కిందట మా అబ్బాయి కొనిచ్చాడు. వాళ్లమ్మ వంటల వీడియోలు చూసుకుంటుందని, నేను పేపరు చదువుకుంటానని వాడి ఆశ. నాలుగేళ్లు బాగానే చాకిరీ చేసింది. ఆ తరవాత మూడు రోగాలు ఒకదాని వెంట ఒకటి పట్టుకున్నాయి. ఛార్జింగ్ ఎక్కదు. ఎక్కినా, తెర మీద వేలు పెడితే ఉలకదు పలకదు. ఎప్పుడైనా పలికిందా, లోపల జాగా చాలడం లేదని ఒకటే మొర. డబ్బా మూత సరిగ్గా పట్టడం లేదని చివరికి మా ఆవిడ దాన్ని బరువుగా వాడుకుంది.

మా వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు ఒకడున్నాడు. ఇంటర్మీడియట్‌లో నా దగ్గర లెక్కలు చదివినవాడే. క్లాసులో వాడిది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఈ మాత్రికలు ఎందుకు పనికొస్తాయి మాస్టారూ?" పరీక్షలో ఏడు మార్కులకు పనికొస్తాయని చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఆ పలకను వాడి దగ్గరికి పట్టుకెళ్తే అటూ ఇటూ తిప్పి చూసి, "బోర్డు పోయింది మాస్టారూ, దీని మీద డబ్బు పెట్టకండి" అన్నాడు.

వాణ్ణి తప్పుపట్టను. కొట్టు ముందు పదిమంది నిలబడి ఉంటే ఎవరైనా అదే అంటారు. కాకపోతే "పోయింది" అన్నది రోగం పేరు కాదు. ఒంట్లో బాగాలేదని వెళ్తే డాక్టరుగారు ఊరుకుంటారా? ఎన్నాళ్లనుంచి, ఏ పూట ఎక్కువ, తిండి సయిస్తోందా అని అడిగి అడిగి ఒక పేరు దగ్గరికి వస్తారు. యంత్రానికీ అంతే. ఆ పలకను నేను ఏమేం ప్రశ్నలు అడిగానో, అది ఏమేం జవాబులు చెప్పిందో ఈ పూట మీతో పంచుకుంటాను.

ముందుగా దాని కులగోత్రాలు. 2014, 15 సంవత్సరాల్లో విండోస్‌తో నడిచే చవక ట్యాబ్లెట్లు బజారులోకి వెల్లువలా వచ్చాయి. 9 అంగుళాలకన్నా చిన్న తెర ఉన్న పరికరాలకు విండోస్‌ను ఉచితంగా ఇస్తామని 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించడం అందుకు ఒక కారణం. వాటిలో చాలావాటికి గుండెకాయ ఒక్కటే, ఇంటెల్ వారి ఆటమ్ ప్రాసెసరు, జెడ్ 3735 ఎఫ్. పక్కన 2 జీబీ ర్యామ్, 32 జీబీ నిల్వ. ఈ రెండూ బోర్డుకే అతికించి ఉంటాయి. విప్పి పెద్దవి వేసుకునే వీలు లేదు. ఆ 32 జీబీలో విండోస్ తన సామాను సర్దుకున్నాక ఇంటివాళ్లకు మిగిలేది వరండాయే. పెద్ద అప్‌డేట్ వచ్చిందంటే ఆ వరండా కూడా చాలదు. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పోనీ విండోస్ 11 వేద్దామా అంటే దానికి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ కావాలి. అంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

ఇక వైద్యానికి వద్దాం. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: రోగం ఒంట్లో ఉందా, మనసులో ఉందా? హార్డ్‌వేరుదా, సాఫ్ట్‌వేరుదా? ఇది తేలకుండా చేసే ఖర్చంతా దండగ.

ఛార్జింగ్ సంగతి మనసుది కాదని సులువుగానే తెలుస్తుంది. యంత్రం ఆపేసి ఉన్నా ఛార్జింగ్ ఎక్కడం లేదంటే అందులో విండోస్ పాపం ఏమీ లేదు. ముందు వైరును అనుమానించండి. చాలామంది ఛార్జరును మార్చి చూస్తారు, వైరును మాత్రం మార్చరు. నేను లెక్కల మనిషిని కాబట్టి ఒక చిన్న లెక్క చెబుతాను. ఛార్జరు 5 వోల్టులు ఇస్తుంది, ట్యాబ్లెట్ 2 ఆంపియర్లు అడుగుతుంది. మధ్యలో ఉన్న సన్నపాటి వైరు నిరోధం అర ఓమ్ అనుకోండి. రెండును అరతో గుణిస్తే ఒకటి. అంటే ఒక వోల్టు దారిలోనే ఆవిరి. పలక దాకా చేరేది నాలుగే. లిథియం బ్యాటరీ నిండాలంటే 4.2 వోల్టుల దాకా పోవాలి. నాలుగుతో అది ఎలా నిండుతుంది? రంధ్రాలు పడ్డ పైపుతో మేడమీది ట్యాంకు నింపినట్టే ఉంటుంది. లావుపాటి, పొట్టి వైరు ఒకటి తెచ్చి పెట్టాను. కాస్త ప్రాణం వచ్చింది. కాస్తే. ప్లగ్గును ఒక పక్కకు నొక్కి పట్టుకుంటే ఎక్కుతోంది, వదిలితే ఆగుతోంది.

అంటే రెండో దోషం రంధ్రంలో ఉంది. టార్చి వేసి చూస్తే అడుగున దూది దట్టించినట్టు దుమ్ము. యంత్రం పూర్తిగా ఆపేసి, పళ్లు కుట్టుకునే చెక్కపుల్లతో మెల్లగా గీరి తీశాను. పిన్నీసులూ సూదులూ దగ్గరికి రానివ్వకండి. లోపలి కొనలు వంగిపోతాయి, లేదా రెండు కొనలు తగిలి షార్ట్ అవుతాయి. దుమ్ము పోయినా ప్లగ్గు ఊగుతూనే ఉంది. రంధ్రం ఉన్న ఆ చిన్న ఇనప ముక్కను బోర్డుకు అతికించిన టాంకా చిట్లిందన్నమాట. అది నా చేతిలో పని కాదు. తీసుకెళ్లి మళ్లీ మా కుర్రాడికే ఇచ్చాను. "బోర్డు సంగతి అడగడం లేదురా, ఈ సాకెట్టుకు టాంకా వేసి పెట్టు" అన్నాను. పని పేరు చెప్పేసరికి వాడూ మరో మాట అనలేదు. కంటికి భూతద్దం తగిలించుకుని, వేడిగాలి గొట్టం అందుకున్నాడు.

మూత విప్పడం నేను అక్కడ కళ్లారా చూశాను. పాత ఏటీఎం కార్డును అంచు వెంట దూర్చి జరుపుతూ పోతే టిక్ టిక్ మని క్లిప్పులు ఊడాయి. మూత లేచేసరికి ఇద్దరం ఒక్క అడుగు వెనక్కి వేశాం. బల్లపరుపుగా ఉండాల్సిన బ్యాటరీ మూకుట్లో పూరీలా పొంగి ఉంది. తెర మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటే ఇన్నాళ్లూ మూత వదులైందనుకున్నాం. శ్రోతలు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని ఛార్జింగ్ పెట్టకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు. చిల్లు పడితే అంటుకుంటుంది. చెత్తబుట్టలోనూ వేయకూడదు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పజెప్పాలి. దాన్ని బియ్యం డబ్బా మీద, పొయ్యికి నాలుగడుగుల దూరంలో అన్నాళ్లు ఉంచామా అని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కొత్త బ్యాటరీ ఎలా వెతకాలో కూడా వాడే నేర్పాడు. దాని ఒంటి మీద ఒక పెద్ద అంకె ఉంటుంది. 35, 70, 125 అని కలిపి రాసి ఉందనుకోండి, మందం 3.5 మిల్లీమీటర్లు, వెడల్పు 70, పొడవు 125. అంకెలోనే కొలత ఉందన్నమాట. కంపెనీ పేరు పట్టుకుని వెతికితే దొరకనిది కొలత పట్టుకుంటే దొరుకుతుంది. వోల్టేజీ మాత్రం పాతదానిదే ఉండాలి, తీగల వరస తప్పకూడదు.

ఇలా ఒంటి రోగం కుదిరింది. ఇక మనసు.

లినక్స్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1991లో ఫిన్లండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 ఏళ్ల కుర్రాడు లీనస్ టోర్వాల్డ్స్ సరదాగా మొదలుపెట్టిన పని అది. ఇవాళ మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, దాని అడుగున నడిచే కెర్నెల్ లినక్సే. ఆ కెర్నెల్ చుట్టూ కావలసిన సరంజామా అంతా పేర్చి, ఎవరికైనా ఉచితంగా ఇచ్చే సముదాయాలు ఎన్నో ఉన్నాయి. నేను ఎంచుకున్నది డెబియన్. 1993లో ఇయన్ మర్డాక్ అనే ఆయన మొదలుపెట్టాడు. తన పేరునూ, తన స్నేహితురాలు డెబ్రా పేరునూ కలిపి ఆ పేరు పెట్టాడు. సీతారాములంటే సీత పేరు ముందు వచ్చినట్టు ఇక్కడా ఆమె పేరే ముందు.

లినక్స్‌లో నాకు నచ్చిన గుణం ఒకటుంది. ఇంట్లోకి రాకముందే వాకిట్లో నిలబడి మాట్లాడుతుంది. పెన్‌డ్రైవ్ మీదనుంచే మొత్తం నడుస్తుంది. లోపల ఉన్నదాన్ని ముట్టుకోదు. తెర, శబ్దం, వైఫై, టచ్ ఏవి పనిచేస్తున్నాయో చూసుకుని, నచ్చితేనే లోపలికి పిలవవచ్చు. రోగనిర్ణయానికి కూడా ఇది రెండో డాక్టరు సలహా లాంటిది. విండోస్‌లోనూ పనిచేయక, లినక్స్‌లోనూ పనిచేయక, తెరలో ఒకే పట్టీ ఎప్పుడూ మొద్దుబారి ఉంటే అద్దమే చిట్లి ఉంటుంది. ఒకదాంట్లో పనిచేసి ఇంకోదాంట్లో చేయకపోతే అద్దం బాగున్నట్టే.

అయితే ట్యాబ్లెట్‌కు ఉన్నది ఒక్కటే రంధ్రం. పెన్‌డ్రైవ్ కావాలి, కీబోర్డు కావాలి, మౌస్ కావాలి. ఓటీజీ వైరు ఒకటి, దానికి నాలుగు నోళ్ల హబ్బు ఒకటి తగిలించాను. ఒక్క గది కొంపకు పెళ్లివారు దిగినట్టయింది. ఛార్జరుకు చోటు లేదు కాబట్టి, ముందే బ్యాటరీ నిండుగా ఎక్కించుకున్నాను.

పెన్‌డ్రైవ్ పెట్టి మీట నొక్కితే దాన్ని చూడనట్టే పోయింది పలక. మరోసారి నొక్కాను. మళ్లీ అంతే. పెన్‌డ్రైవ్ పాడైందేమోనని ఇంకొకటి తెచ్చాను. అదీ అంతే. రెండు సాయంత్రాలు గడిచాక కారణం దొరికింది. ఈ రకం ట్యాబ్లెట్లలో ఒక విచిత్రం ఉంది. ప్రాసెసరు 64 బిట్లది. దాన్ని నిద్రలేపే యూఈఎఫ్ఐ అనే ప్రోగ్రాము మాత్రం 32 బిట్లది. ఇంటాయన పెద్ద బాలశిక్ష చదివాడు, గేటు దగ్గర కాపలావాడు ఓనమాల దగ్గరే ఆగాడు. మనం తెచ్చిన ఉత్తరం పెద్ద బాలశిక్ష భాషలో ఉంది. కాపలావాడికి అది ఉత్తరంలాగానే కనిపించదు, ఇక లోపలికి పంపడం ఎక్కడ?

దీనికి మందు చిన్నదే. పెన్‌డ్రైవ్‌లో 'బూట్' అనే సంచిలో 'బూట్ ఐఏ 32' అన్న పేరుతో ఒక చిన్న ఫైలు ఉండాలి. కాపలావాడు చదవగలిగింది అదొక్కటే. అతను ఆ చీటీ చదివి తలుపు తీస్తే, లోపల 64 బిట్ల లినక్స్ హాయిగా నడుస్తుంది. ఇలా కాపలావాడు, ఇంటాయన చెరో రకమైనా సర్దుకుపోయే ఏర్పాటు 2014లో కెర్నెల్‌లోకి వచ్చింది. 2015లో వచ్చిన డెబియన్ 8 ఆ దారిని తన ఇన్‌స్టాలర్‌లో కలుపుకుంది. ఆ ఒక్క ఫైలు చేర్చి మీట నొక్కాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు జలజలా దిగాయి. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏవండీ, బతికిందా?" అంది.

బతికింది. వైఫై మొదటిసారే అందుకుంది. అందుకు నేను చేసిందేమీ లేదు. ఆ వైఫై చిప్పుకు డ్రైవరు 2017లోనే కెర్నెల్‌లో చేరింది. డ్రైవరుతోబాటు ఫర్మ్‌వేరు అని ఇంకొకటి కావాలి. అరక తోలే రైతు డ్రైవరైతే, ఆ ఎద్దుకు చిన్నప్పుడు నేర్పిన నడక ఫర్మ్‌వేరు. నడక నేర్వని ఎద్దు వెనక ఎంత మంచి రైతు నిలబడితే ఏం లాభం? ఆ ఫర్మ్‌వేరు ఫైళ్లను చిప్పుల తయారీదారులు మూలరాత బయటపెట్టకుండా ఇస్తారు. అందుకని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నియమం పాటించే డెబియన్ వాటిని చాలాకాలం తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో సభ్యులు ఓటు వేసుకుని ఆ పట్టు సడలించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవి లోపలే ఉంటున్నాయి. ఎక్కడో జరిగిన ఓటింగు ఫలితం మా వంటింట్లో వైఫై గుర్తుగా వెలిగింది.

చాలావరకు సవ్యంగానే ఉంది, టచ్ మాత్రం లేదు. అది తరవాత చూసుకుందామనుకున్నాను. కీబోర్డు చేతిలో ఉందన్న ధీమా. ఫొటోలన్నీ ఇంకో డిస్కులోకి తీసి పెట్టుకున్నాను. విండోస్‌ను మొత్తం తుడిచేసి, లినక్స్‌ను లోపలికి దింపాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. ఎందుకో చెబుతాను.

యంత్రం లేచేటప్పుడు ఏ భాగాన్ని చూసింది, ఏది పలికింది, ఏది పలకలేదు అన్నీ లినక్స్ కెర్నెల్ ఒక దినచర్యలో రాసుకుంటుంది. 'డీమెసేజ్' అన్న ఆజ్ఞ ఇస్తే ఆ పుస్తకం తెరుచుకుంటుంది. వందల పంక్తులు ఉంటాయి. టచ్ చిప్పు సైలీడ్ అనే కంపెనీది. ఆ మాట కోసం వెతికితే ఒకే ఒక్క పంక్తి దొరికింది. 'ఎంఎస్ఎస్ఎల్ 1680' అనే ఫర్మ్‌వేరును ఎక్కించబోతే విఫలమైందని, దోషం సంఖ్య మైనస్ 2 అని ఉంది.

ఆ మైనస్ 2 చూసి నేను కుర్చీలోంచి లేచాను. లినక్స్ భాషలో దోషం 2 అంటే 'అలాంటి ఫైలు లేదు' అని. అద్దం పగిలిందని కాదు, చిప్పు కాలిందని కాదు, బోర్డు పోయిందనీ కాదు. ఒక ఫైలు దొరకలేదు, అంతే! ఇన్నేళ్లూ దిక్కులేకుండా పడున్న రోగానికి ఆ పూట పేరు దొరికింది.

ఆ టచ్ చిప్పు సంగతి ఇలా ఉంటుంది. దానికి సొంత జ్ఞాపకం లేదు. మీట నొక్కిన ప్రతిసారీ దానికి మళ్లీ అక్షరాభ్యాసం చేయించాలి. చేయించే ఫైలేమో ఒక్కో ట్యాబ్లెట్ అద్దానికి ఒక్కో రకం, పక్క మోడలుది దీనికి కుదరదు. నా పలకకు కావలసిన ఫైలు ఎక్కడుందయ్యా అంటే, విండోస్ డ్రైవర్ల సంచిలో ఉంది. నేను తుడిచేసిన విండోస్‌లో! ఇత్తడి గిన్నె తోమించి, అందులో ఉన్న ఉంగరాన్ని గిన్నె కడిగిన నీళ్లతో పారబోసినట్టయింది. కాబట్టి విండోస్ తుడిచే ముందు దాని డ్రైవర్ల సంచిని మొత్తంగా ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తి పెట్టుకోండి. రెండు నిమిషాల పని. నాకు అది రెండు వారాలు పట్టింది.

నన్ను కాపాడింది ముక్కూ మొహం తెలియని మనుషులు. ఇదే మోడలు ఉన్న ఎవరో, ఎప్పుడో తమ ఫైలును బయటికి తీసి, మోడలు పేరు రాసి, అందరికీ అందేలా దాచిపెట్టారు. ఇలాంటి పలకల కోసమే సంవత్సరాల తరబడి పనిచేసిన డచ్ ప్రోగ్రామరు హాన్స్ డి గూడే అనే ఆయన ఉన్నాడు. ఏ ట్యాబ్లెట్‌లో టచ్ అద్దం ఎంత వెడల్పు, ఏ పక్కకు తిరిగి ఉంది అన్న వివరాలతో లినక్స్ కెర్నెల్‌లో ఒక పట్టికే ఉంది. అందులో ఎక్కువ భాగం ఆయన చలవే. మనం పారేసిన చవక వస్తువుకు అక్కడ పేరూ వివరమూ రాసి పెట్టి ఉన్నాయి. నా మోడలు ఆ పట్టికలో లేదు. అందుకే కథ ఇంకా మిగిలింది.

ఫైలు పెట్టాను. టచ్ పలికింది. కానీ ఎలా పలికిందంటే, కుడి అంచు ముట్టుకుంటే ఎడమ అంచు పలుకుతుంది. ఎడమ అంచు ముట్టుకుంటే తెర మధ్యకు రాకముందే బాణం ఆగిపోతుంది. అద్దంలో చూసుకుంటూ ఎదుటివాడికి బొట్టు పెట్టినట్టుంది. మా ఆవిడ ఒకసారి వేలు పెట్టి చూసి, "దీనికన్నా డబ్బా మీద ఉన్నప్పుడే బుద్ధిగా ఉంది" అంది.

ఇక్కడ నా పాత వృత్తి పనికొచ్చింది. 'ఈవీటెస్ట్' అని ఒక చిన్న ఉపకరణం ఉంది. వేలు పెడితే అద్దం ఏ అంకె చెబుతోందో అక్కడికక్కడ చూపిస్తుంది. కుడి అంచున వేలు పెట్టాను, సున్నా. మెల్లగా ఎడమకు జరిపాను. అంకె పెరుగుతూ పెరుగుతూ 1,660 దగ్గర ఆగింది. కెర్నెల్ మాత్రం ఆ వెడల్పు 4,096 దాకా ఉంటుందనుకుంటోంది. 1,660ని 4,096తో భాగిస్తే నూటికి నలభై. బాణం తెరలో నలభై వంతుల దగ్గర ఎందుకు ఆగుతోందో తెలిసిపోయింది. తలకిందుల లెక్క ఒకటి, తక్కువ లెక్క ఒకటి, రెండూ కలిశాయి.

సవరించడానికి లినక్స్ అడిగేది ఆరు అంకెలు. మొదటి వరసలో మైనస్ 2.47, సున్నా, 1. రెండో వరసలో సున్నా, 4.60, సున్నా. మైనస్ గుర్తు కుడిఎడమలు మారుస్తుంది. 2.47 చాలని వెడల్పును సాగదీస్తుంది. చివరి 1 మొత్తాన్ని జరిపి చోట్లో పెడుతుంది. రెండో వరస ఎత్తు సంగతి చూస్తుంది. ఇంటర్మీడియట్ చదివినవాళ్లకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది, ఇది మాత్రిక. ముప్ఫై ఏళ్లు బోర్డు మీద రాసి చెరిపినదాన్ని ఆ రాత్రి మొదటిసారి ఒక ఫైలులో రాసి, యంత్రాన్ని ఆపి లేపాను. ఎడమ ముట్టుకుంటే ఎడమ, కుడి ముట్టుకుంటే కుడి. పలకను అడ్డంగా తిప్పితే తెర తలకిందులవుతోంది. అది లోపల ఉన్న కదలికల సెన్సరు పక్కకు తిరిగి అతికి ఉండటం వల్ల. దానికీ మందు మూడు వరసల మాత్రికే.

అన్నీ కుదిరాయని చెబితే అబద్ధమవుతుంది. కెమెరా పనిచేయదు. ఈ తరం చిప్పుల కెమెరాను లినక్స్‌లో నడిపించడం ఇప్పటికీ పెద్ద తలనొప్పే. మొదట్లో శబ్దం రాలేదు. వెతికితే హెచ్‌డీఎంఐ తీగలోకి పోతోందని తేలింది, మళ్లించాను. ఇంకో సంగతి ఈ ప్రాసెసర్ల మీద లినక్స్ నడిపినవాళ్లందరికీ తెలిసిందే. పని లేనప్పుడు ప్రాసెసరు గాఢనిద్రలోకి జారుకుంటుంది, లేపితే లేవదు. యంత్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. పాత కెర్నెళ్లలో దానికి విరుగుడుగా, కునుకు తీయి గానీ గాఢనిద్ర పోవద్దు అని ఒక ముక్క చేర్చేవారు. యంత్రం బిగుసుకోదు గానీ బ్యాటరీ త్వరగా దిగుతుంది. కొత్త కెర్నెల్ వేసుకుంటే చాలామందికి ఆ అవసరం రావడం లేదు. 2 జీబీ ర్యామ్‌కు తగ్గట్టు ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ పెట్టుకున్నాను. ర్యామ్‌లోనే కొంత చోటును నొక్కి సర్దే జడ్‌ర్యామ్ అనే ఏర్పాటు ఒకటి చేర్చాను. బొంతలను మడిచి పెట్టెలో అదిమినట్టు, ఉన్న చోట్లోనే ఇంకాస్త పడుతుంది.

తెలుగు సంగతి అడుగుతారేమో. పోతన, వేమన పేర్లతో ఉన్న ఫాంట్లు డెబియన్‌లోనే దొరుకుతాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేసేవాళ్లకూ, ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాబట్టే ఆర్‌టీఎస్ అలవాటున్నవాళ్లకూ రెండు పద్ధతులూ ఉన్నాయి. మన హైదరాబాదులో 'స్వేచ్ఛ' అనే సంస్థ చాలా ఏళ్లుగా ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెలుగులోకి తేవడానికి పనిచేస్తోంది. ఒంటరిగా మొదలుపెట్టడానికి జంకేవాళ్లకు అలాంటి చోట తోడు దొరుకుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నేను చెప్పిందంతా విండోస్‌తో వచ్చిన ట్యాబ్లెట్ల సంగతి. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లకు ఈ మందు ఇలాగే వేస్తే వికటిస్తుంది. వాటిలో చాలావాటికి బూట్‌లోడరు తాళం వేసి ఉంటుంది, ఒక్కో మోడలుకు ఒక్కో కెర్నెల్ కావాలి. ఐప్యాడ్ సంగతి సరేసరి. మీ దగ్గరున్నది విండోస్ పలకే అయితే వరస ఇది. ముందు బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. వైరు మార్చి చూడండి. ఫొటోలతోబాటు డ్రైవర్ల సంచినీ దాచండి. పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడండి. తుడవడం అన్నిటికన్నా చివర.

మొన్న దీపావళికి మా కుర్రాడు మిఠాయి పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చాడు. మా ఆవిడ పొయ్యి దగ్గర పలకను గోడకు ఆనించి, పిండి చేత్తోనే చిటికెన వేలితో తెర జరుపుకుంటోంది. వాడు గుర్తుపట్టాడు. "బోర్డు ఎక్కడ మార్పించారు మాస్టారూ?" అన్నాడు. బోర్డు అదేరా అని చెప్పి, ఆరంకెలు రాసుకున్న కాగితం చేతిలో పెట్టాను. వాడు దాన్ని చాలాసేపు చూశాడు. "ఇవి ఆ మాత్రికలే కదూ!" అన్నాడు. అవునన్నాను. ఏడు మార్కుల మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. గుమ్మం దాటబోతూ ఆగి, "కొట్టులో అటక మీద ఇలాంటివే ఇంకో మూడున్నాయి మాస్టారూ, రేపు పట్టుకొస్తాను" అన్నాడు. బ్యాటరీలు తీసేసి పట్టుకురా అన్నాను.